గింజల పట్టీ: పెరటి మడిలో విత్తనము పొదుపు

ఒక గ్రాము క్యారట్ విత్తనమును తెల్ల కాగితముపై పోసి లెక్కించి చూడుడు. సుమారు 800 గింజలుండును. బజారులో కొన్న 10 గ్రాముల పొట్లములో ఎనిమిది వేల గింజలున్నవన్నమాట. ఇప్పుడు మీ పెరటిలోని మడిని చూడుడు. మూడు మీటర్ల పొడవు, మీటరుంబావు వెడల్పు గల మడిలో నాలుగు వరుసలు పట్టును. క్యారట్ గడ్డ బాగుగా ఊరవలెనన్న మొక్కకు మొక్కకు 8 సెంటీమీటర్ల ఎడము కావలెను. ఆ లెక్కన ఆ మడిలో నిలువదగిన మొక్కలు 150 మాత్రమే. అయినను మనలో చాలామంది ఆ ఒక్క మడికే పొట్లమంతయు జల్లివేయుదుము. గింజ సన్నముగా ఉండుటచే వ్రేళ్ళ సందున జారిపోవును. ఒకచోట కుప్పపడును, మరియొకచోట మూరెడు మేర ఏమియు పడదు.

ఒత్తుగా మొలచిన మడి పది దినములు కన్నుల పండువుగా ఉండును. ఆ పిమ్మట మొక్కలు వెలుతురు కొరకు ఒకదానితోనొకటి పోటీపడి సన్నగా, పాలిపోయి, పొడవుగా సాగును. అప్పుడు పలుచన చేయుటకు కూర్చుండవలెను. పది మొక్కలలో తొమ్మిదింటిని పీకవలెను. పీకునప్పుడు ప్రక్క మొక్క వేరు కదలును. వేరు కదలిన క్యారట్ గడ్డ వంకరపోవుటో, చీలిపోవుటో జరుగును. విత్తనమునకు ఒకసారి డబ్బు పెట్టితిమి. దానిని పీకివేయుటకు మరల శ్రమ పెట్టితిమి. పీకినందువలన మిగిలినదియు కొంత చెడినది. ఒత్తుగా జల్లినచో ఎక్కువ పండుననుట భ్రమ.

ఈ నష్టమును తప్పించుటకు చవకైన ఉపాయమొకటి కలదు. దానిని గింజల పట్టీ అందురు. పాత వార్తాపత్రిక, చెంచాడు మైదాపిండి, అగ్గిపుల్ల, స్కేలు ఉన్నచో చాలును. గింజలను కావలసిన ఎడములో కాగితపు పట్టీపై ముందుగానే అంటించి, ఆరబెట్టి, ఆ పట్టీని మడిలో పరచి మట్టి కప్పుటయే దీనిలోని పని.

ఇది పూర్తిగా క్రొత్త ఆలోచన కాదు

మన మెట్ట రైతులకు గొర్రు తెలియనిది కాదు. గొర్రు వెనుక నడచుచు జడ్డిగములో విత్తనము పోయు స్త్రీ చేతిలో ఎంత నేర్పున్నదో చూచినవారికి తెలియును. పిడికిలి నుండి గింజలు ధార తెగకుండ, కుప్పపడకుండ జారుచుండును. ఎద్దుల నడకకు ఆమె చేయి తాళము వేయుచున్నట్లుండును. ఆ నేర్పు ఏండ్ల తరబడి అలవాటుచే వచ్చినది. పెరటి మడిలో ఏడాదికి రెండుసార్లు మాత్రము విత్తువారికి అది ఎట్లు వచ్చును? వంగి కూర్చుండి, ఎండలో, గాలిలో, సన్నగింజను ఒక్కొక్కటిగా విడుచుట కష్టము. గింజల పట్టీ ఆ నేర్పరి చేసెడి పనిని సాయంకాలము దీపము క్రింద, తీరికగా, బల్లపై చేసికొనుటకు వీలు కల్పించును. తప్పు పడినచో దిద్దుకొనవచ్చును.

జపాను దేశములో ముల్లంగి, క్యారట్ వంటి పంటలకు యంత్రములతో ఇట్టి పట్టీలను చేసి పొలములలో పరచుట వాడుకలో నున్నది. అక్కడి పట్టీలు నీటిలో కరిగిపోవు పొరతోగాని, పలుచని కాగితముతోగాని తయారగును. మనకు యంత్రము అక్కరలేదు. మన మడి చిన్నది, మన చేతులు చాలును.

మల్కాజ్‌గిరిలో ఒక పెరడు

మల్కాజ్‌గిరి పేరు వినగానే ఇప్పుడు రైల్వే జంక్షను, మేడలు, ఇరుకు సందులు తలపునకు వచ్చును. 2007లో ఈ పట్టణము హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసినది. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు మేడ్చల్‌తో పాటు దీని పేరును ఆ జిల్లాకు పెట్టిరి. ఇండ్లు పెరిగినకొలది మట్టి కనబడు చోటు తగ్గినది. పాత ఇండ్ల వెనుక మిగిలిన కొద్దిపాటి పెరండ్లలో కూడ ఏటేట కొన్ని బండల క్రిందికి పోవుచున్నవి. బండ పరచినచోట వాననీరు ఇంకదు, ఆకుకూర మొలవదు. ఒకసారి పరచిన బండను మరల ఎత్తువారు అరుదు.

మూడేండ్ల క్రిందట ఒక పెద్దాయన ఇంటికి నేను వెళ్ళితిని. ఆయన లాలాగూడ రైల్వే కర్మాగారములో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండ అరగదీసిన చేతులవి. ఇప్పుడు ఆ చేతులు వణకుచున్నవి. ఇంటి వెనుక నాలుగు మళ్ళున్నవి. పుంటికూర, పాలకూర, ముల్లంగి ఇరువది ఏండ్లుగా ఆయనయే విత్తి పెంచిరి. ఆనాడు మళ్ళన్నియు ఎండి యుండెను. ఒక మూల ఇసుక కుప్ప పోసి యుండెను.

“ఇసుక ఎందుకు పెద్దయ్యా?” అని అడిగితిని.

“చేతులు చెప్పినట్టు వింటలేవు సారూ. గింజలన్ని ఒక్కతాన కుప్పబడుతున్నయి. వచ్చే నెల తాండూరు బండలు పరిపిస్త. ఊడ్సుకునుటానికి అల్కగుంటది” అనిరి.

ఆయన భార్య గడప వద్ద నిలుచుండి వినుచుండెను. “ఇగ కొత్తిమీర కట్ట గూడ కొనుక్కొచ్చుడే బిడ్డా” అని మెల్లగా అనెను.

నేను వెంటనే ఉపాయము చెప్పలేకపోతిని. కారణమేమనగా, అంతకు ముందటి ఏడు నేనే స్వయముగా గింజల పట్టీలు చేసి భంగపడియుంటిని. ఒక ప్రదర్శన మడి కొరకు తొందరలో పట్టీలు చేసి, అవి పూర్తిగా ఆరకముందే చుట్టి ప్లాస్టికు సంచిలో మూటకట్టితిని. నాలుగు దినముల తరువాత విప్పగా కొన్ని గింజలు సంచిలోనే మొలకెత్తి చచ్చినవి. తక్కినవి బూజు పట్టినవి. రైతుల యెదుట ఖాళీ మడి చూపవలసి వచ్చినది. తప్పు పద్ధతిది కాదు, నాది. ఆ తప్పు ఎక్కడ జరిగినదో తెలిసికొనుటకు ఇంటివద్ద కుండీలలో మరల మరల చేసి చూచితిని. అందుచే ఆ పెద్దాయనతో, “ఒక్క నెల బండలు ఆపుడు. ఒక్క మడి నాతో వేయుడు” అని మాత్రము అంటిని. ఆయన ఒప్పుకొనిరి. ఆ మడిలో నేర్చినదియు, నా పొరపాట్లలో నేర్చినదియు కలిపి క్రింద వ్రాయుచున్నాను.

మొదట మొలక పరీక్ష

పట్టీ చేయుటకు ముందు విత్తనము మొలచునో లేదో చూచుకొనవలెను. చచ్చిన గింజను ఎంత నేర్పుగా అంటించినను ఫలములేదు. తడిపి పిండిన నూలుగుడ్డపై 50 గింజలు పరచి, చుట్టి, నీడలో ఉంచి, తడి ఆరకుండ చూడవలెను. ముల్లంగిని 10 దినములు, క్యారట్‌ను 14 దినములు చూచి మొలచినవానిని లెక్కించి రెండింతలు చేసినచో నూటికి ఎన్ని మొలచునో తెలియును. 1966 నాటి విత్తనముల చట్టము పొట్లముపై మొలక శాతము ముద్రింపవలెనని నిర్దేశించినది. ధ్రువీకరించిన విత్తనమునకు ఉండవలసిన కనీస మొలక క్యారట్‌కు 60 శాతము, ముల్లంగికి 70 శాతము. పొట్లముపై పరీక్ష తేదీని, గడువును చదివిన తరువాతనే కొనవలెను.

ఒక్కొక్క చుక్కలో ఎన్ని గింజలు పెట్టవలెనో ఈ పరీక్ష చెప్పును. మొలక 60 శాతమున్న విత్తనమును వంద చోట్ల ఒక్కొక్కటి పెట్టినచో సుమారు 40 చోట్లు ఖాళీగా మిగులును. రెండేసి పెట్టినచో ఆ 40లో 24 చోట్ల రెండవ గింజ మొలచును, 16 చోట్లు మాత్రము ఖాళీ. కనుక క్యారట్‌కు చుక్కకు రెండు గింజలు తగినవి. రెండును మొలచినచోట ఒకదానిని పీకక కత్తెరతో మొదలంట కత్తిరింపవలెను. మొలక 85 శాతమునకు మించినచో ఒక్క గింజ చాలును.

కాగితము

వార్తాపత్రిక పుటను పైనుండి క్రిందికి చింపినచో తిన్నగా చిరుగును, అడ్డముగా చింపినచో వంకరపోవును. కాగితపు పీచు నిలువుగా పరచుకొని యుండుటయే దీనికి కారణము. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున నిలువు పట్టీలుగా చింపుకొనుడు. నున్నగా మెరయు రంగుల పుటలు, ప్లాస్టికు పూత గల కాగితములు నీటిని పీల్చవు, అవి పనికిరావు. పాలకూర వంటి ఆకుకూరలకు వార్తాపత్రిక సరిపోవును. క్యారట్, ముల్లంగి వంటి దుంపలకు తల్లివేరు అడ్డులేకుండ దిగవలెను గనుక చేతులు తుడుచుకొను పలుచని మెత్తని కాగితము మేలు. దానిని అయిదు సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించి, గింజలు అంటించిన పిమ్మట నిలువుగా మడిచినచో గింజ లోపల భద్రముగా ఉండును.

జిగురు

రెండు చెంచాల మైదాపిండిలో కొద్దికొద్దిగా నీరు పోయుచు ఉండలు లేకుండ కలుపవలెను. దోసెపిండి కంటె చిక్కగా, పుల్లతో ఎత్తినచో జారక నిలుచునట్లుండవలెను. మైదా లేనిచో చిక్కని అన్నపు గంజి వాడవచ్చును, కాని దానిలో ఉప్పు పడియుండరాదు. ఉప్పు గింజకు నీరు అందనీయదు. గట్టిపడిన పిమ్మట నీటికి కరగని జిగురులను వాడరాదు. జిగురు పలుచనైనచో గింజ నాని మేల్కొనును, అనగా మొలకెత్తుటకు ఆరంభించును. మేల్కొన్న గింజ మరల ఎండినచో చచ్చును. కనుక నీరెంత తక్కువైన అంత మంచిది.

గింజలు అంటించుట

పట్టీని బల్లపై పరచి, స్కేలు ప్రక్కన పెట్టి, కావలసిన ఎడములో పెన్సిలుతో చుక్కలు పెట్టుడు. అగ్గిపుల్ల కొనతో ప్రతి చుక్కపై పెసరగింజలో సగమంత జిగురు ఉంచుడు. మరియొక పుల్ల కొనను కొంచెము తడిచేసి గింజలను తాకించినచో ఒకటి రెండు అంటుకొని వచ్చును, వానిని జిగురుపై వదలుడు. ఒకేసారి పది చుక్కలకు మించి జిగురు పెట్టరాదు, ఆరిపోవును. ఒకరు చుక్కలు పెట్టుచు, మరియొకరు గింజ అంటించుచున్నచో పన్నెండు మీటర్ల పట్టీకి గంట, గంటన్నర పట్టును. పట్టీ చివర పంట పేరు, తేదీ వ్రాయుట మరువరాదు. అంటించిన తరువాత ఏ గింజ ఏదో ఎవరును చెప్పలేరు.

రంగు పూసిన విత్తనమనగా మందు పట్టించిన విత్తనము. దానిని చేతితొడుగులు లేక ముట్టరాదు. వంటింటి గిన్నెలు, చెంచాలు వాడరాదు. పిల్లలకు అప్పగింపరాదు.

ఆరబెట్టుట, దాచుట

ఇచటనే నేను తప్పితిని. పట్టీలను ఎండలో గాక, గాలి ఆడు నీడలో, ఒకదానిపై నొకటి పడకుండ దండెముపైగాని చాపపైగాని ఒక రాత్రి, ఒక పగలు ఆరవేయవలెను. జిగురుచుక్కను గోటితో నొక్కినచో గట్టిగా ఉండవలెను. అప్పుడు వదులుగా చుట్టి, కాగితపు సంచిలో ఉంచి, మూత గల డబ్బాలో పెట్టవలెను. డబ్బా అడుగున గుడ్డలో కట్టిన పొడి బూడిదను ఉంచినచో తేమ పీల్చును. నాలుగు ఎండు వేపాకులు వేసినచో పురుగు చేరదు. పట్టీలను నెల లోపల వాడుకొనుట మంచిది. విత్తనము పొట్లములో ఉన్నంత కాలము పట్టీపై నిలువదు. ఒక మడికి కావలసినంత మాత్రమే చేసికొనుడు.

మడిలో పరచుట

మల్కాజ్‌గిరి పరిసరములలో ఎర్ర చెలక నేలలు ఎక్కువ. నీరు తగిలి ఆరినచో పైన పెచ్చు కట్టును. క్యారట్ మొలక ఆ పెచ్చును చీల్చలేక లోపలనే చచ్చును. ఈ కారణముచేతనే మన ప్రాంతములో విత్తనము చెడ్డదని నింద వచ్చుచుండును. మడిని 30 సెంటీమీటర్ల లోతున త్రవ్వి, రాళ్ళు ఏరి, బాగుగా చివికిన పశువుల ఎరువు కలుపవలెను. పచ్చిపేడ వేసినచో గడ్డలు చీలును.

వరుసకు వరుసకు 30 సెంటీమీటర్ల ఎడమున సన్న చాలు తీసి, ముందుగా చాలును తడుపవలెను. తడిసిన మట్టిపై పట్టీని గింజ పైకి ఉండునట్లు పరచి, జల్లించిన ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలిపి దానితో కప్పవలెను. పెచ్చు కట్టు ఎర్రమట్టితో కప్పరాదు. పిమ్మట చెక్కతో మెల్లగా అదుమవలెను. గింజకు మట్టి తగిలినప్పుడే నీరు అందును.

కాగితపు కొన ఏమాత్రమును మట్టి పైకి కనబడరాదు. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు ఆ కొన మట్టిలోని తేమను పైకి లాగి గాలికి ఆరవేయును. అంచు బయటపడినచోట మొలక రాదు. ఇది చిన్న విషయముగా తోచును గాని, పట్టీ విఫలమగుటకు చాలమారులు ఇదియే కారణము.

మైదా వాసనకు చీమలు చేరును. మడి చుట్టును, చాలు ప్రక్కను వేపపిండి చల్లినచో అవి దూరముగా ఉండును. మొలక వచ్చువరకు తడి గోనెపట్టా కప్పి, ఉదయము సాయంకాలము సన్నని జల్లుగా నీరు చల్లవలెను. మొదటి మొలక కనబడిన సాయంకాలమే గోనెపట్టా తీసివేయవలెను. ఒక్క దినము ఆలస్యమైనను మొలకలు పాలిపోవును.

పంటలవారీ వివరములు

క్యారట్: చుక్కల ఎడము 8 సెంటీమీటర్లు, చుక్కకు 2 గింజలు, లోతు 1 సెంటీమీటరు. మొలకకు 8 నుండి 15 దినములు. సెప్టెంబరు నుండి నవంబరు వరకు అనువైన కాలము.

ముల్లంగి: ఎడము 8 నుండి 10 సెంటీమీటర్లు, చుక్కకు 1 లేక 2 గింజలు, లోతు ఒకటిన్నర సెంటీమీటర్లు. మూడు నాలుగు దినములలో మొలచును. చలికాలపు పంట. వేసవిలోను వేయగోరువారు వేడికి తట్టుకొను పూసా చేత్కి రకమును ఎన్నుకొనవచ్చును.

బీట్‌రూట్: ఎడము 10 సెంటీమీటర్లు, చుక్కకు 1 గింజ, లోతు 2 సెంటీమీటర్లు. మనము గింజ అనుకొనునది నిజమునకు కొన్ని గింజల గుత్తి, దాని నుండి రెండు మూడు మొలకలు వచ్చును. ఒకటి ఉంచి తక్కినవి కత్తిరింపవలెను.

పాలకూర: ఇదియు బీట్‌రూట్ జాతిదే, గింజ కూడ గుత్తియే. ఎడము 5 సెంటీమీటర్లు, చుక్కకు 1 గింజ, లోతు ఒకటిన్నర సెంటీమీటర్లు. వరుసగా వేసినచో పలుమారులు కోత కోయవచ్చును.

టమాట, మిరప నారుమడి: వరుసకు వరుసకు 10 సెంటీమీటర్లు, వరుసలో గింజకు గింజకు 2 సెంటీమీటర్లు. ఒత్తుగా మొలచిన నారుకు నారుకుళ్ళు తెగులు త్వరగా సోకును. ఎడముగా ఉన్న నారు గాలి తగిలి దృఢముగా పెరుగును.

క్యారట్ మొలకెత్తుట ఆలస్యము గనుక పట్టీపై ప్రతి 30 సెంటీమీటర్లకు ఒక ముల్లంగి గింజను కూడ అంటింపవచ్చును. అది నాలుగవ దినముననే మొలచి వరుస ఎక్కడున్నదో చూపును. కలుపు తీయువారు క్యారట్ వరుసను త్రొక్కకుందురు. క్యారట్ పెరుగునాటికి ముల్లంగి కూరకు వచ్చును.

ఏ పంటలకు అక్కరలేదు

ప్రతి గింజకును పట్టీ చేయనక్కరలేదు. బెండ, చిక్కుడు, సొర, బీర గింజలు పెద్దవి, చేతితోనే నాటుకొనుడు. మెంతికూరను ఒత్తుగా జల్లి వేరుతో పీకుట వాడుక గనుక దానికి పట్టీ దండుగ. కొత్తిమీరయు అంతే, ధనియములను రెండు బద్దలుగా నలిపి చల్లినచో చాలును. లేతగా పీకి వండుకొను తోటకూరకు విత్తనములో ఇసుక కలిపి చల్లుట చాలును. పలుచన చేసిన మొక్కలు కూరకు వచ్చును గనుక నష్టము లేదు. పట్టీ పని ఎక్కడ ఫలించుననగా, గింజ సన్నమై, ధర హెచ్చై, ఎడము తప్పనిసరియైన పంటలందు.

పెరడు లేక డాబాపై తొట్లలో పెంచువారు పొడవు పట్టీకి బదులు తొట్టి కొలతకు చదరపు కాగితము కత్తిరించి, దానిపై చుక్కలు పెట్టి అంటించి, తొట్టి మట్టిపై పరచి కప్పవచ్చును.

లెక్క చూతము

పైన చెప్పిన మడికి పన్నెండు మీటర్ల పట్టీ కావలెను. దానిలో 150 చుక్కలు, చుక్కకు రెండు చొప్పున 300 గింజలు. అనగా అర గ్రాము కూడ కాదు. 10 గ్రాముల పొట్లములోని ఎనిమిది వేల గింజలు అట్టి 26 మళ్ళకు సరిపోవును. ఒక ఇంటికి అన్ని మళ్ళు ఉండవు. కనుక ఒక వాడలోని ఇరువది ఇండ్లవారు కలిసి ఒక్క పొట్లము కొని పంచుకొనవచ్చును. ఒక్క పొట్లము వెల ఇరువది ఇండ్ల మధ్య పంచినచో ఎంత పడునో మీరే లెక్క చూచుకొనుడు.

కీసర, శామీర్‌పేట, ఘట్‌కేసర్ ప్రాంతముల కూరగాయల రైతులు ఎకరముల కొలది విత్తుటకు చేతితో పట్టీలు చేయుమని నేను చెప్పుట లేదు. కూలి ఖర్చు భరింపరానిది. వారికి గొర్రు, త్రోపుడు విత్తనయంత్రము తగినవి. కాని సంకర జాతి టమాట, మిరప విత్తనమును అధిక ధరకు కొని నారుమడి పోయు రైతుకు, ఇంటిలో సాయంకాలము ఇద్దరు కూర్చుండి చేసిన పట్టీలు లాభించును. గ్రామాధికారులు, ఉపాధ్యాయులు బడి తోటలలోను, అంగన్‌వాడీ కేంద్రముల పోషణ తోటలలోను దీనిని సులభముగా చేయింపవచ్చును. మందు పట్టింపని విత్తనము ఎన్నుకొనినచో పిల్లలు స్కేలుతో ఎడములు కొలిచి, గింజలు లెక్కించి, మొలక శాతము కట్టుదురు. లెక్కల పాఠము మడిలోనే జరుగును.

పెద్దాయన మడి

ఆ ఇంటిలో మనుమడు స్కేలు పట్టి చుక్కలు పెట్టెను. కండ్లద్దములు పెట్టుకొని ఆ తల్లి గింజలు అంటించెను. పెద్దాయన మొదట దూరముగా కుర్చీలో కూర్చుండి చూచిరి. మరునాటి సాయంకాలము పట్టీలు ఆరిన పిమ్మట ఆయనయే లేచి చాలు తీసిరి. సన్నగింజను విడుచుటకు ఆ వ్రేళ్ళు సహకరింపకపోయినను, మూరెడు పట్టీని రెండు చేతుల పట్టి నేలపై పరచుటకు వణకు అడ్డురాలేదు.

“గింజ నాతోని కాదు గని, పట్టీ పరుసుడు నాతోని అయితది” అనిరి.

ఆ మడి పూర్తిగా ఫలించినదని చెప్పను. నాలుగు వరుసలలో ఒకటి చీమల పాలైనది, ఆ వరుస ప్రక్క వేపపిండి చల్లుట మరచితిమి. మరియొక వరుస చివర గాలికి కాగితము లేచి జానెడు మేర మొలవలేదు. తక్కిన చోట్ల మాత్రము మొక్కలు గీత గీసినట్లు నిలిచినవి. పలుచన చేయవలసిన పని రెండు కత్తెర పోట్లతో ముగిసినది. చీమలు తిన్న వరుసకు ఆ తల్లియే మరల పట్టీ చేసినది, నన్ను పిలువలేదు. బండలు వచ్చినవి గాని, నడచుటకు రెండడుగుల దారి వరకే పరచిరి. మిగిలిన పెరడు మట్టిగానే ఉన్నది. ఇసుక కుప్ప క్యారట్ వరుసలు కప్పుటకు కొంత అక్కరకు వచ్చినది.

మీ ఇంటిలో కూడ చూపు తగ్గినవారో, చేతులు వణకువారో, వంగి కూర్చుండలేనివారో ఉందురు. వయసు మీరిన పిమ్మట వారు తోటపని మానుటకు కారణము చాలమారులు ఓపిక లేకపోవుట కాదు, గింజను విడుచు ఆ ఒక్క సన్నపని చేతకాకపోవుట. ఆ పనిని ఇంటిలోని మరియొకరు పట్టీపై ముగించి ఇచ్చినచో, తక్కిన పని వారే చేసికొందురు.

ఈ యాసంగికి మీ మడిలో మూడు వరుసలు మామూలుగా జల్లి, ఒక్క వరుస పట్టీతో వేసి చూడుడు. నెల గడచిన పిదప రెండింటిని ప్రక్కప్రక్కన నిలిచి పరిశీలింపుడు. ఏ వరుసకు ఎన్ని గింజలు పోసితిరో, ఎన్ని మొక్కలు మిగిలినవో ఒక కాగితముపై వ్రాసికొనుడు. వచ్చే ఏడు ఏ విధముగా విత్తవలెనో ఆ లెక్కయే మీకు చెప్పును.